గుట్టల కింది వేర్లు

మా జాగ్రఫీ సారు పోయిండని పోయిన నెల భాగ్య ఫోన్ చేసింది. భాగ్య అంటె తొమ్మిదో తరగతిల నా పక్కన ఒక్క బెంచి మీద కూసున్న పిల్ల, ఇప్పుడు మనుమరాండ్ల పెండ్లిళ్ళు చేస్తుంది. "సంతాప సభ పెడుతున్నరే సుగుణా. నువ్వు గూడ రావాలె. కాలేజీలల్ల గదే సబ్జెక్టు చెప్పినవు గదా, సారు గురించి రెండు మంచి ముచ్చట్లు చెప్తె బాగుంటది" అన్నది. నేను రాను అన్న. "గదేందే, సచ్చిపోయినోళ్ళ మీద గూడ కోపమా? యాబై ఏండ్లు దాటె గదనే!" అన్నది. "నూరేండ్లు దాటినా రాను. ఆయన పోయిండని నాకు సంతోషమేం లేదు. గని రెండు మంచి ముచ్చట్లు నా దగ్గర లేవు. ఉన్నది ఒక్కటే ముచ్చట, గది చెప్తె మీ సభ ఖరాబైతది" అని పెట్టేసిన. పెట్టేసినంక చాయ పెట్టుకొని, చక్కెర ఎయ్యకుండనే తాగిన. సభల చెప్పని ముచ్చట ఇక్కడ రాస్తున్న. ఆయన పేరు మాత్రం రాయను. ఆయనకు పిల్లలున్నరు, వాళ్ళు నాకేం చెయ్యలే.

మాది మానేరు ఒడ్డున సాంచెల ఊరు. సాంచె అంటె కరెంటు మగ్గం. పొద్దున కండ్లు తెరిచిన కాడికెల్లి ఊరంత టకాటకా ఒక్కటే సప్పుడు, ఆ సప్పుడు మీదికెల్లి మాట్లాడి మాట్లాడి మా ఊరోళ్ళకు మెల్లగ మాట్లాడుడు రాదు. ఇప్పటికీ నేను ఫోన్ల మాట్లాడితె అవతలోళ్ళు కొట్లాటకొచ్చిన్నని అనుకుంటరు. మా బాపు ఒక ఆసామి దగ్గర సాంచెలు నడిపేటోడు. పొద్దున పోతె పొద్దుగూకినంక వచ్చేటోడు, ఎంటికలల్ల, కనుబొమ్మలల్ల తెల్లటి దూది పోగులు. వచ్చి గుమ్మం బయటనే నిలబడి తువ్వాలతోని దులుపుకునేటోడు, గప్పుడే లోపలికి వచ్చేటోడు. అవ్వ, అంటె మా అమ్మ, ఇంట్ల సాంచెలకు నూలు కండెలు చుట్టేది. నేను బడి నుంచి రాంగనే పుస్తకాల సంచి ఇటు పారేసి రాట్నం ముంగట కూసోవాలె. నా ఈడు పిల్లలు మా వాడల ఏడో తరగతి దాటినోళ్ళు లేరు. నేను తొమ్మిదికి వచ్చిన్నంటె అది బాపు ఒప్పుకున్నడని గాదు, వద్దని గట్టిగ చెప్పేంత ఓపిక ఆయనకు లేకుండె.

ఇంట్ల అసలైన రాజ్యం మా బాపమ్మది, బాపు వాళ్ళమ్మది. మా వాడల అప్పటికి ఇంక నాలుగైదు చేతిమగ్గాలు ఆడుతుండె. వాళ్ళ పడుగులకు పెట్టే గంజి బాపమ్మనే కాసేది. నూకల గంజి. పెద్ద డేగిషల ఉడికిచ్చి, పెరట్ల గోలెంల పోసి చల్లారవెట్టేది. ఆ పులుపు వాసన మా గోడలకు, మా బట్టలకు, మా జడలకు గూడ అంటుకొని ఉండేది. బడిల పక్క పిల్లలు ముక్కు మూసుకునేటోళ్ళు. నాకైతె గిప్పటికీ ఎక్కడన్న పులిసిన గంజి వాసనొస్తె ఆకలైతది. గంజి కుదిరిందో లేదో చూసేతందుకు బాపమ్మకు ఒక లెక్కుండె. తెడ్డును గంజిల నిలువుగ గుచ్చి వదిలిపెట్టేది. వదిలినప్పుడు నిలబడాలె. ఆమె పోయి తమలపాకు ఏసుకొని వచ్చేసరికి మెల్లగ పక్కకు ఒరగాలె. "నిలబడకుంటె నీళ్ళయింది, ఒరగకుంటె గట్కయింది" అనేది. ఆ తెడ్డు ముంగట ఎన్ని సార్లు కూసున్ననో లెక్కలేదు. చూస్తుంటె కదిలినట్టే ఉండది, జర అటు చూసి ఇటు చూస్తె ఒరిగి ఉంటది.

బాపమ్మ ఇంకో పట్టింపు గూడ చెప్పాలె. మా తాత గుంతమగ్గం నేసేటోడు. తాత పోయినంక గుంత పూడ్చిండ్రు గని మగ్గం కట్టెలను పారెయ్యలే. పెంకల కింద దూలాలకు కట్టి పెట్టిండ్రు. దసరా నాడు దించి కడిగి పసుపు కుంకుమ పెట్టి మల్ల పైన కట్టేది. మగ్గం కట్టె మీద కాలు పడద్దు, పొయ్యిల అస్సలే పడద్దు. విరిగిన ముక్కనైనా మానేరుల కలిపి రావాలె గని వంట కట్టెల మోపుల కలుపద్దు. వానకాలం కట్టెలు తడిసి పొయ్యి మండక అవ్వ కండ్లల్ల నీళ్ళు కారంగ ఊదుకుంట కూసున్న దినాలున్నయి, నెత్తి మీద ఎండిన మగ్గం కట్టెలు పెట్టుకొని. అయినా ఎవ్వరం చెయ్యి పెట్టలే.

ఇగ బడి ముచ్చట. జాగ్రఫీ సారు తెల్లబట్టలేసుకొని, చెప్పులు కిర్రుమనిపిచ్చుకుంట వచ్చేటోడు. నోట్సు చదువుతుంటె మేము రాసుకునుడు, అంతే. మధ్యల ఎవ్వరన్న తల ఎత్తితె డస్టర్ ఎగిరొచ్చేది. ఆ దినం పర్వతాల పాఠం. "భూమి లోపలంత గట్టి రాయి. గట్టి నేల మీద మూటలు పెట్టినట్టు పర్వతాలు దాని మీద కూసున్నయి. రాసుకోండ్రి" అన్నడు. నేను రాసుకుంటె అయిపోతుండె. గని అంతకు ముందు వారమే మా ఊరి గ్రంథాలయంల అట్టలు లేని ఒక పుస్తకం చదివిన. ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు, ఎవరు రాసిండ్రో తెల్వది. అండ్ల ఒక ముచ్చట నన్ను నిద్రపోనియ్యలే. పూర్వం మన దేశం కొలిచేటోళ్ళు మేస్త్రీలు పట్టుకునేటటువంటి గుండు దారాన్ని హిమాలయాల దాపుకు తీసుకపోయిండ్రట. అంత పెద్ద పర్వతం పక్కన ఉంటె ఆ గుండును తన దిక్కు గుంజాలె గదా. గుంజింది గని లెక్క కట్టినంత గుంజలేదట. ఎందుకు గుంజలేదంటె, పర్వతం పైన ఎంత ఉన్నదో దాని కింద అంతకన్న ఎన్నో రెట్లు లోతుకు అదే తేలిక రాయి దిగి ఉన్నదట. చుట్టూ ఉన్నది అంతకన్న బరువైన రాయి. నీళ్ళల్ల దుంగ తేలినట్టు, కిందికి వేర్లు దింపి పర్వతం తేలుతున్నదట.

గది చదివినంక ఊకుండుడు నాతోని కాలే. చెయ్యి లేపిన. "సార్, హిమాలయాలు గంత బరువున్నయి గదా, కిందికెందుకు దిగబడవు?" అన్న. "దిగబడేతందుకు అది మీ మానేరుల బురదనా?" అన్నడు సారు. క్లాసంత నవ్విండ్రు. అక్కడికి ఆగిన్నా? ఆగలే. "సార్, వాటికి కింద వేర్లుంటయట సార్, తేలుతుంటయట" అన్న. సారు చాక్‌పీసు కింద పెట్టిండు. "వినుర్రి. గుట్టలకు వేర్లు మొలిచినయట. ఎల్లుండికి పూలు గూడ పూస్తయి. కండెలు చుట్టే చేతులకు పుస్తకాలిస్తె గిట్లనే ఉంటది" అన్నడు. ఈసారి నవ్వినోళ్ళల్ల భాగ్య గూడ ఉన్నది. నేను మర్చిపోలే, ఆమె మర్చిపోయిందేమో. తర్వాత సారు "లేసి నిలబడు, పర్వతాలకు వేర్లు లేవు అని మూడు సార్లు చెప్పు" అన్నడు. నిలబడ్డ. చెప్పలే. "చెప్తవా చెప్పవా?" "చదివిందే చెప్పిన సార్." "నేను చెప్పింది అబద్ధమా?" నాకు గా ప్రశ్నకు జవాబు తెల్వకుండె, అందుకే నోరు మూసుకొని నిలబడ్డ. అది ఆయనకు ఇంకెక్కువ కోపం తెచ్చింది.

జబ్బ పట్టుకొని హెడ్‌మాస్టర్ దగ్గరికి తీసుకపోయిండు. పెద్దసారు చెడ్డ మనిషేం గాదు, లొల్లి అంటె భయం ఆయనకు. "మాఫీ చీటి రాసి, మీ బాపుతోని సంతకం పెట్టిచ్చుకొని రా బిడ్డా. లేకుంటె టీసీ ఇచ్చుడే, నేనేం చెయ్యలేను" అన్నడు. నాకు ఎక్కడ దమ్మొచ్చిందో. "నేను చూపిస్త సార్. శనివారం దాకా ఆగుర్రి" అన్న. జాగ్రఫీ సారు పకపక నవ్విండు. పెద్దసారు నా దిక్కు ఒక్క తీరుగ చూసి, "సరే, మీ బాపును గూడ తోలుకొని రా. చూపియ్యకపోతె శనివారమే చీటి రాసియ్యాలె" అన్నడు.

ఇంట్ల చెప్పిన. బాపు అన్నం ముద్ద చేతులనే పట్టుకొని విన్నడు. "మాఫీ అంటె పోయేదేమున్నదే? నేను దినాం పది సార్లంట. పోగు తెగితె మాఫీ, బట్టల మచ్చ పడితె మాఫీ, ఆలస్యమైతె మాఫీ. నోరు అరిగిపోయిందా నాకు?" అన్నడు. అవ్వ ఏమంటదోనని చూసిన. "బడి బందయితె కండెలన్న నాలుగు ఎక్కువైతయి" అన్నది. ఆమె మాటల కోపం గూడ లేదు, అలసట ఉన్నది. నాకు తెల్వదా? చీటి రాయకుంటె బడి పోతది, బడి పోతె రాట్నమే, రాట్నం కాడ నా జిందగీ తెల్లారుతది. అన్నీ తెలుసు. మాఫీ అనుడు రాక గాదు నేను అననిది. లేదు అని తెలియనిదాన్ని లేదు అని నా నోటితోని ఎందుకనాలె? పద్నాలుగేండ్ల పిల్లకు అంత పౌరుషం ఏడికెల్లి వచ్చిందని అడిగితె నాకు తెల్వది. గా పౌరుషం నాకు గిప్పటికీ తగ్గలే.

చూపిచ్చేతందుకు గంజి నాకు ఇంట్లనే ఉన్నది. గట్టిగ కనబడాలె, మెల్లగ దారియ్యాలె, గసొంటిదే భూమి లోపల ఉన్నదని ఆ పుస్తకంల రాసిండ్రు. తేలేతందుకు ఒక్క తీరు మందమున్న కట్టె ముక్కలు కావాలె, చిన్నదీ పెద్దదీ పక్కపక్కకు నిలబెడితె పెద్దది పైకి ఎత్తుగ ఉండి కిందికి గూడ లోతుగ దిగుతదని చూపిచ్చేతందుకు. మా ఇంట్ల కట్టెలన్నీ వంకర టింకర పుల్లలు. చతురస్రంగ, నున్నగ, మొదటి నుంచి చివరి దాకా ఒక్క తీరుగ ఉన్నది ఒక్కటే ఉన్నది. తాత మగ్గంల నేసిన బట్టను చుట్టుకునే కట్టె. బాపమ్మ మానేరుకు పోయిన పొద్దు చూసి, కట్టె పని చేసే పక్కింటి వడ్లాయన దగ్గర రంపం అడుక్కచ్చి, దూలం మీదికెల్లి దించి కోసిన. నాలుగు ముక్కలు. కోస్తుంటె నా చేతులు ఆగినయి రెండు సార్లు. అయినా కోసిన.

బాపమ్మ తడి బట్టల మూటతోని వచ్చి చూసింది. మూట కింద పడ్డది. "నా మొగని కట్టెనే! నా మొగని కట్టె కోసిందే!" అని రెండు చేతులు నెత్తిన పెట్టుకొని అక్కడనే కూలబడ్డది. నన్ను కొట్టలే. కొడితె బాగుండు అనిపిచ్చింది. బాపు డ్యూటీ దిగి వచ్చి చూసిండు. కింద పడ్డ రంపంపొట్టును తువ్వాల మీదికి చేతులతోని ఎత్తి, మూట కట్టి, దేవుని గూట్ల పెట్టిండు. ఆ పూట అన్నం తినలే. నేను గోడకానుకొని కూసున్న, ఏడుపు రాలే. "ఇగ చూపియ్యకుంటె ఎట్లనే?" అన్నది అవ్వ మెల్లగ. మా అవ్వ నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న గది.

శనివారం నాడు బాపు సగం పూట సాంచెలకు పోలే. గోలెం ఎత్తి తోపుడు బండి మీద పెట్టి, ఆయనే నెట్టుకుంట బడికి తెచ్చిండు. గంజి నేను కాసిందే, బాపమ్మ దగ్గరికి గూడ రాలే. వరండాల గోలెం పెట్టినం. తొమ్మిదో తరగతంత చుట్టు నిలబడ్డరు. పెద్దసారు వచ్చిండు, జాగ్రఫీ సారు చేతులు కట్టుకొని గోడకు ఆనిండు. నేను నాలుగు ముక్కలను పొట్టిదానికెల్లి పొడుగుదాని దాకా వరుసగ, ఒకదానికొకటి ఆనుకునేటట్టు నిలబెట్టి, పైకి కిందికి జరిగేటట్టు నూలుపోగు వదులుగ చుట్టి, గంజిల దింపిన. నిలబడ్డయి! పొట్టిది జర మునిగి జర తేలింది. పొడుగుది అందరికన్న లోతుగ దిగి, అందరికన్న ఎత్తుగ నిలబడ్డది. "చూసిండ్రా సార్! ఎత్తున్నదే లోతున్నది!" అని అరిచిన. జాగ్రఫీ సారు ముఖం మాడింది. గప్పుడే ఎవరో వచ్చి పెద్దసారును సంతకానికి పిలిచిండ్రు. "వస్త, ఆగు, కళ్ళద్దాలు గూడ తెచ్చుకొని మంచిగ చూస్త" అని పోయిండు.

ఆయన పోయి ఎంత సేపైందో గని నా ప్రాణానికి ఒక యుగమైంది. మొదట నాకే అనుమానమొచ్చింది, పొడుగు ముక్క జర తగ్గిందా అని. తర్వాత భాగ్య "మునుగుతుందే" అన్నది. నిజమే. ఒక్కటి గాదు, నాలుగూ. కదిలినట్టు కనబడది, జర అటు చూసి ఇటు చూస్తె ఇంకింత కిందికి. మా తాత, తాత వాళ్ళ బాపు, ఎన్నేండ్లు నేసిండ్రో ఆ కట్టె మీద. నూనె తాగి, గంజి తాగి, చేతి చెమట తాగి అది ఇనుమసొంటిది అయిపోయింది. తేలే కట్టెనే గాదు అది. ఇంట్ల ఒక్క నిమిషం పెట్టి చూసి నిలబడ్డదని సంబురపడి తీసిన. తెడ్డు ముంగట అన్నేండ్లు కూసున్న పిల్లను, తమలపాకు ఏసుకొని వచ్చేంత సేపన్న ఆగాలెనని నాకు తోచలే. వేరే కులపోళ్ళ ఇంటి పిల్లయితె మామిడి పలక తెచ్చి గెలిచేది. మగ్గం కట్టెకు మించిన కట్టె లేదని నమ్మేటోళ్ళ ఇంట్ల పుట్టిన నేను దాన్నే తెచ్చి మునిగిన. పెద్దసారు కళ్ళద్దాలు పెట్టుకొని వచ్చేసరికి గంజి నున్నగ మూసుకపోయింది, మీద ఒక్క నూలుపోగు మిగిలింది.

"పర్వతాలు మునిగినయి సార్!" అన్నడు జాగ్రఫీ సారు చప్పట్లు కొట్టుకుంట. పిల్లలంత నవ్విండ్రు. పెద్దసారు నవ్వలే. కాయిదం, పెన్ను తెప్పిచ్చి నా ముంగట పెట్టి, "రాయి బిడ్డా, అయిపోతది" అన్నడు. నిజం చెప్తున్న, అబద్ధమెందుకు, రాద్దామనే అనుకున్న. పెన్ను చేతికి తీసుకున్న. మొదటి అక్షరం గూడ పెట్టిన. గంతల జాగ్రఫీ సారు అటెండర్‌ను పిలిచి, "గా గంజి బర్లకు పొయ్యి. కట్టె ముక్కలు తీసి చాయ పొయ్యిల పెట్టు, గట్లనన్న పనికొస్తయి" అన్నడు.

బాపు గప్పటిదాకా వరండా కింద, చెప్పులిడిసి, చేతులు కట్టుకొని నిలబడ్డడు. మెట్లెక్కి పైకి వచ్చిండు. అంగి చెయ్యి పైకి మడిచి, జబ్బ దాకా గోలెంల పెట్టి, తడుముకుంట ఒక్కొక్క ముక్క తీసిండు. నాలుగింటిని తన తువ్వాలతోని తుడిచి, అదే తువ్వాలల కట్టి సంకల పెట్టుకున్నడు. చేతికెల్లి గంజి కారుతనే ఉన్నది. ఆ చేతితోనే నా చేతుల పెన్ను తీసి టేబుల్ మీద పెట్టిండు. "నా బిడ్డ రాయది సార్. టీసీ ఇయ్యిర్రి" అన్నడు.

పెద్దసారు పరేషాన్ అయిండు. "గింత దానికి పిల్ల చదువు పాడు చేస్తవా? గుట్టలకు వేర్లున్నయో లేవో నీకన్న తెలుసా?" అన్నడు. "నాకేమెరుక సార్. నాకు నూలు తెలుసు, గంజి తెలుసు. కట్టె మునిగింది, కట్టె తప్పు. పిల్ల అడిగింది తప్పెట్లయితది? గంజి గూడ రాయి లెక్కనే కనబడ్డది గదా సార్ మీకు, మెల్లగ దారియ్యలేదా? భూమి గట్లుండదని ఈ సారు దిగి చూసొచ్చిండా?" అన్నడు బాపు. మా బాపు జన్మల అంత పొడుగు మాట మాట్లాడంగ నేను వినలే. సాంచెల మధ్య మాట్లాడినట్టే గట్టిగ మాట్లాడిండు, బడంత వినబడ్డది. జాగ్రఫీ సారు ఏదో అనబోయిండు గని బాపు ఆయన దిక్కు చూడలే. టీసీల నడవడి అన్న కాడ "మొండి" అని రాసిచ్చిండ్రు. గా కాయిదం నా దగ్గర ఉన్నది, దాచుకున్న, సిగ్గుపడి గాదు.

ఆసిఫాబాద్‌ల మా చిన్నమ్మ ఉండేది. బాపు నన్ను అక్కడ బడిల చేర్పిచ్చిండు. మొదటిసారి గుట్టలు, అడవి అంత దాపుకు చూసిన. చిన్నబాపు సగం తెలుగు సగం మరాఠీ కలిపి మాట్లాడేటోడు, నాకు నెల దాకా సగమే సమజయ్యేది. పదో తరగతి పాసైన, కాలేజీకి పోయిన, భూమి చదువే చదివిన. ఇంట్ల నా వంతు కండెలు అవ్వ చుట్టింది. బాపమ్మ దసరా దాకా నాతోని మాట్లాడలే. దసరా నాడు ఆ నాలుగు ముక్కలకు గూడ బొట్లు పెట్టి, "కూసోవే, తిందువు రా" అన్నది, అంతే. గదే మాఫీ, మా ఇంట్ల గట్లనే ఉంటయి.

చదివినంక తెలిసింది ఏందంటె, పుస్తకం నిజమే చెప్పింది, బాపు గంజి మాట గూడ నిజమే. కింది రాయి సుత్తెతోని కొడితె రాయే, గని లచ్చల ఏండ్ల బరువుకు గంజి లెక్క మెల్లగ జరుగుతది. మామూలు నేల కింద ముప్పై నలబై కిలోమీటర్లుండే పై పెంకు హిమాలయాల కింద దాదాపు రెండింతలు మందముంటది. వానలు పై భాగాన్ని కడిగేస్తుంటె, బరువు తగ్గి కింది వేరు మెల్లగ పైకి లేస్తది. ఇంకోటి గూడ తెలిసింది, దాచను. మా కరీంనగర్ గుట్టలసొంటి చిన్నయాటికి సొంతంగ వేర్లక్కర లేదు. కింది పెంకు గట్టితనమే వాటిని మోస్తది. అంటె మా గుట్టల మటుకు సారు చెప్పింది నిజమే. గిది తెలిసిన దినం చాన సేపు ఆలోచన చేసిన, ఇప్పుడన్న పోయి మాఫీ అడుగాల్నా అని. అడుగను అనుకున్న. ఆయన నన్ను అడిగింది జవాబు గాదు, మెడ వంచుమని అడిగిండు. జవాబు తప్పయితె దిద్దుకుంట, మెడ సంగతి వేరు.

ఇప్పుడు మా తమ్ముని మనుమరాలు కరీంనగర్‌ల పెద్ద బడిల చదువుతుంది. మొన్న ఏదో లెక్క సారే తప్పు చెప్పిండని ఇంటికొచ్చి చూపిచ్చింది, తప్పే. "మరి అడిగినవా?" అన్న. "ఎందుకు అమ్మమ్మా, మార్కులు పోతయి. సారీ అని చెప్పేసిన" అన్నది. వాళ్ళమ్మ "మంచి పని చేసినవ్" అన్నది. ఎవ్వరూ జబ్బ పట్టి గుంజలే, ఎవ్వరూ నవ్వలే, ఏసీ రూముల చల్లగ అయిపోయింది. అంగి ఇస్త్రీ నలగకుండ తల వంచుడు నేర్పుతున్నరు పిల్లలకు. ఊరి చుట్టు గుట్టలను గూడ కోసి పలకలు చేసి లారీలకెత్తుతున్నరు, ఒక్కడు అడగడు. నేను అరిస్తె "ముసల్దానికి బీపీ" అంటరు. ఉన్నది బీపీ. అయినా అరుస్తనే ఉంట. ఆ పిల్లను కూసోవెట్టుకొని, రేపు పోయి లెక్క తప్పని చెప్పుమన్న. చెప్తదో లేదో చూడాలె.

ఒక్క సంగతి చెప్పి ముగిస్త. చదువు అయిపోయి, నాకు కొలువు దొరికినంక ఇంటికి పోయిన. అప్పటికి బాపు దగ్గుతోని సాంచెలు బందు చేసిండు. అరుగు మీద కూసొని చింతపండుల గింజలు తీస్తుండె. నేను పక్కన కూసొని తీస్తున్న. ఎండ అరుగు దాకా వచ్చింది. "బిడ్డా, ఒక మాట అడుగుత" అన్నడు, తల ఎత్తకుండ. "గా వేర్లు... నిజంగనే ఉన్నయా?"

అన్నేండ్లల్ల ఒక్కనాడు అడుగలే ఆయన. పెద్దసారు ముంగట నిలబడ్డనాడు అడుగలే, ఆసిఫాబాద్ బస్సెక్కిచ్చిననాడు అడుగలే, నన్ను చదివిచ్చేతందుకు రెండు షిఫ్టులు నిలబడ్డన్ని దినాలు అడుగలే. ఉన్నయి బాపు అన్న. అన్నీ చెప్పిన. మన గుట్టల మటుకు సారు అన్నదే నిజమని గూడ చెప్పిన, ఆయనకు అబద్ధం చెప్పబుద్ధి గాలే. బాపు ఊ కొట్టుకుంట విన్నడు. ఒక గింజ తీసిండు, ఇంకోటి తీసిండు.

"ఏం బాపు, నాడు రాసిస్తె అయిపోతుండె అనిపిస్తుందా?" అని అడిగిన.

గప్పుడు తల ఎత్తిండు. "నువ్వో పిచ్చిదానివి. ఉత్తగ తెలుసుకుందామని అడిగిన" అన్నడు. "వేర్లు లేకుంటె మాత్రం, నిన్ను రాయనిస్తుంటినా?"